పాట కింద పూడిపోయిన గొంతు

కళ్లకు గంతలు కట్టి మూడు కంప్యూటర్లు నా ముందు పెట్టండి. మూత తీసి లోపల చెయ్యి పెట్టనివ్వండి. ఏది ఏ ఊరి స్టూడియోదో ఇప్పటికీ చెప్పగలను. ఫ్యాను రెక్కల మీద దూదిలా మెత్తగా తగిలితే అది జనగామ, పత్తి మార్కెట్ నూగు. మూత తీయగానే తుమ్ము వస్తే అది మహబూబాబాద్, మేం మానుకోట అంటాం, మిర్చి మార్కెట్ గాలి. వేళ్ల మధ్య పిండిలా జారి, సబ్బు పెట్టినా వదలకపోతే అది భూపాలపల్లి బొగ్గు.

నేను కొడకండ్ల బడిలో పదో తరగతి వరకే చదివాను. తర్వాతి చదువంతా విప్పి చూసిందే. రేడియో విప్పాను, టేప్‌రికార్డర్ విప్పాను, వీసీఆర్ విప్పాను. చివరికి పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కంప్యూటర్ల దగ్గర స్థిరపడ్డాను. ఈ మూడు ఊళ్ల మధ్య ఏ స్టూడియోలో ఎడిటింగ్ సిస్టం ఆగినా 'కొమురన్నను పిలువుర్రి' అనేవాళ్లు. ఇప్పుడు చూపు తగ్గింది, చెయ్యి వణుకుతోంది, బోర్డు మీద చిన్న స్క్రూ కూర్చోబెట్టలేను. అందుకే ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం నాలుగు మాటలు రాస్తున్నాను. మధ్యలో కోపం కనిపిస్తే ఏమీ అనుకోవద్దు. అది నా లోపలి భాగం, మార్చడానికి స్పేరు దొరకదు.

ముందు మనిషిని అడగాలి

నాకు పని నేర్పింది జనగామలో వీడియో మిక్సింగ్ ల్యాబు నడిపిన సులోచనక్క. స్టేషన్ రోడ్డులో ఇరుకు మెట్లెక్కి పైకి పోతే ఆ గది. చుట్టుపక్కల ఊళ్ల ఫొటోగ్రాఫర్లంతా పెళ్లి క్యాసెట్లు సంచిలో వేసుకుని, బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు. ఆమెకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదు. అయినా రిపేరు అంటే ఏమిటో ఆమె దగ్గరే నాకు తెలిసింది.

ఒక దశలో ల్యాబులో రాసిన డిస్కులు చెడిపోవడం మొదలైంది. రాసేటప్పుడు అంతా సక్రమంగా అయినట్టే చూపిస్తుంది. ఇంటికి తీసుకెళ్లి పెడితే సరిగ్గా తలంబ్రాల దగ్గర ఆగిపోతుంది. పెళ్లివాళ్లు ల్యాబు మీదికి తగాదాకు వచ్చేవాళ్లు. నేను డిస్కుల రకం మార్పించాను, కేబుల్ మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. వచ్చిన ప్రతిసారీ లెన్సు తుడిచేవాణ్ని, కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదలు. అక్కకు విసుగొచ్చింది.

"కొమురయ్యా, వచ్చినప్పటిసంది మిషన్‌నే అడుగుతున్నవు. మమ్ముల ఒక్కమాటన్న అడిగినవా?"

"మిమ్ముల ఏమడగాలె అక్కా?"

"ఎప్పుడు చెడ్తున్నయో అడుగు. మిషన్ చెప్పదు గదా."

అడిగాను. శుక్రవారం, శనివారం రాసినవే ఎక్కువ చెడుతున్నాయి. శుక్రవారం ల్యాబులో ఏం జరుగుతుందని అడిగితే, ఆమె ఆశ్చర్యంగా చూసి, పూజ అంది. కంప్యూటర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందువైపు జాలీలోనే ఊదుబత్తీలు గుచ్చి, సాంబ్రాణి పొగ వేసేది. ఆ జాలీ వెనకే గాలిని లోపలికి లాగే ఫ్యాను. పొగంతా లోపలికి పోయి, డిస్కు రాసే లెన్సు మీద జిడ్డు పొరలా కూర్చునేది.

చెప్పడానికి జంకాను. మొత్తానికి చెప్పాను.

"అంటే దేవుని పొగ మిషన్‌కు పడదంటవా?"

"దేవునికి పడ్తది అక్కా. లెన్సుకు పడదు."

ఆమె చాలాసేపు నవ్వింది. మరుసటి శుక్రవారం నుంచి మౌసుకు బొట్టు పెట్టి, పొగ గడప దగ్గర వేసింది. డిస్కులు బాగుపడ్డాయి. మిషన్ ఏం చేస్తోంది అనేది రెండో ప్రశ్న. దాని చుట్టూ మనుషులు ఏం చేస్తున్నారు అనేదే మొదటిది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఆ ల్యాబు ఇప్పుడు లేదు, అక్క కూడా లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి, పైన ఫోన్ కవర్ల షాపు పెట్టారు. ఆ దారిన పోతే ఇప్పటికీ తల పైకెత్తుతాను. క్యాసెట్ వెనక్కి తిరిగే గరగర, కింద ఆటోల హారన్లు, 'ఇగో, పెళ్లికొడుకు మొఖం జర తెల్లగ చెయ్యక్కా' అని బతిమాలే ఫొటోగ్రాఫర్లు. అవన్నీ ఆ కిటికీలోంచి వినిపిస్తాయేమో అనిపిస్తుంది.

ఫార్మాట్ అనే రోగం

ఇప్పటి రిపేరు షాపులకు తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. సిస్టం నెమ్మదించిందా, ఫార్మాట్. హ్యాంగ్ అవుతోందా, ఫార్మాట్. మిషన్ ఎందుకు బాధపడుతోందో చూడకుండా దానికి తెలిసినదంతా తుడిచేసి చేతికిస్తారు. దీన్ని రిపేరు అనే మాటతో పిలవడమే నాకు ఒళ్లు మంట.

భూపాలపల్లిలో బొగ్గు గనుల కాలనీ పక్కన ఒక స్టూడియో ఉండేది. రెండరింగ్ పెడితే, అంటే కత్తిరించి అతికించిన ముక్కలన్నిటినీ ఒకే సినిమాగా చేయమంటే, సిస్టం తటాలున ఆరిపోయేది. వైరస్ అన్నారు, ఫార్మాట్ చేశారు. సాఫ్ట్‌వేర్ పాతదన్నారు, మళ్లీ ఫార్మాట్ చేశారు. నేను పోయి ఓనరును కూర్చోబెట్టి అడిగాను.

"ఎప్పుడు బందయితాంది?"

"రెండరింగ్ పెట్టి చాయ్‌కి పోతనే. వచ్చేటాళ్లకు పండుకుంటది."

"ఉట్టిగ పెడితే?"

"దినమంత ఉంటది. పాటలు గూడ పాడుతది."

బరువు పని పెట్టినప్పుడే ఆగిందంటే ముందు చూడాల్సింది వేడి, తర్వాత కరెంటు. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత. మూత తీశాను. ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకుల మధ్య బొగ్గు దుమ్ము నల్లటి రొట్టెలా గట్టిపడి ఉంది. గాలి దూరే సందు లేదు. ఓనరు తొంగి చూసి, "మా నాయిన దిగిన బాయిల గూడ గింత బొగ్గు లేదే అన్నా," అన్నాడు. బ్రష్‌తో దులిపి, వేడిని రేకులకు అందించే పేస్టు ఎండిపోతే గీకి, కొత్తది రాసి బిగించాను. ఫార్మాట్లతో పోయిన పెళ్లిళ్లను మాత్రం ఎవరూ తిరిగి తేలేకపోయారు.

కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను. చెడిన మిషన్ చేతికి వస్తే ముందు అందులోని డిస్కు తీసి నకలు చేయండి. వైద్యం ఆ తర్వాత.

పాట ఎందుకు వేసేవాళ్లం

మా వైపు పెళ్లి వీడియోలకు ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. కెమెరాలో బొమ్మతోపాటు వచ్చిన శబ్దాన్ని మిక్సింగ్‌లో మొదట మ్యూట్ చేస్తారు. దాని మీద సినిమా పాట వేస్తారు. ప్రధానానికి ఒక పాట, తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. పెళ్లిలో ఎవరు ఏం మాట్లాడారో ఎవరికీ వినిపించదు. క్యాసెట్టు కూడా దాచరు. దాని మీదే వచ్చే వారం ఇంకో పెళ్లి తీస్తారు.

జనరేటర్ రొద వినిపిస్తుందని అలా చేస్తామని ఫొటోగ్రాఫర్లు చెప్పేవాళ్లు. అది సగం నిజం. మిగతా సగం నేను ల్యాబులో నా చెవులతో విన్నాను. 'అన్నా, గా మాటలు తీసెయ్యే, మోటుగున్నది' అని పెళ్లివాళ్లే అడిగేవాళ్లు. అనరా మరి? ఎన్నో ఏళ్లు సినిమాల్లో మన మాట మాట్లాడినవాడు రౌడీ, లేదంటే బఫూన్. హాల్లో కూర్చుని మనమే నవ్వాం. ఇంటికొచ్చి మన నోరంటే మనమే సిగ్గుపడ్డాం. అవతలి వాళ్ల వెక్కిరింతకు భయపడి మన అవ్వల గొంతులు మనమే నొక్కేసుకున్నాం. ఈ కోపం నాకు చల్లారదు.

నా ఇంటి సంగతే చెప్తాను. మా తమ్ముడి బిడ్డ పెళ్లి డిస్కు నా దగ్గర ఉంది. అందులో నా భార్య లచ్చమ్మ పందిరి గుంజ పక్కన విస్తరాకులు సర్దుతూ ఉంటుంది. కెమెరా పక్కన నేను నిలబడి ఉన్నాను. ఆమె నా వైపు తిరిగి ఏదో అంటుంది. అన్న మాటకు తనే నవ్వుతుంది. దాని మీద డ్యూయెట్ నడుస్తూ ఉంటుంది. లచ్చమ్మ పోయిన తర్వాత ఆ ముక్కను ఎన్నిసార్లు చూశానో. పెదవులు చూసి మాట పట్టుకోవాలని ప్రయత్నించాను. 'ఏమయ్యో' అన్నట్టు మొదటి మాట తెలుస్తుంది, మిగతాది దొరకదు. ఆ పెళ్లి తీసిన క్యాసెట్టు మీద ఇప్పుడు ఎవరిదో గృహప్రవేశం ఉంది.

అనిత అడిగింది

నేను పని మానేసిన తర్వాత, నిరుడు, మానుకోట నుంచి యాకయ్య ఫోన్ చేశాడు. యాకయ్య అక్కడి పాత ఫొటోగ్రాఫరు. సొంతంగా ఎడిటింగ్ సిస్టం కొన్న తర్వాత దాని రోగాలన్నిటికీ నన్నే పిలిచేవాడు.

"కొమురన్నా, ఒక్కసారి రావాలె. పాత సిస్టం లేపాలె."

"నాకు స్క్రూ కనవడ్తలేదురా యాకయ్య."

"స్క్రూలు నేను తిప్పుత. నువ్వు కూసొని తిట్టు. తిట్టుడుకు కండ్లెందుకు?"

రైలెక్కాను. స్టూడియోలో నా కోసం ఒకామె ఎదురుచూస్తోంది. పేరు అనిత. మానుకోట దగ్గర ఒక తండా ఆమెది, సర్కారు దవాఖానలో నర్సు. ఆమె పెళ్లి వీడియో తీసింది యాకయ్యే, క్యాసెట్ కెమెరాల చివరి రోజుల్లో. ఆమె తల్లి ఈ మధ్యనే పోయింది.

లంబాడీల పెళ్లిలో అమ్మాయిని పంపేటప్పుడు తల్లీ బిడ్డా ఒకరినొకరు పట్టుకుని రాగం తీస్తూ ఏడుస్తారు. ఆ పాటను ఢావ్లో అంటారు. అనిత తల్లి ఢావ్లో మొదలుపెడితే పక్క తండాల ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లట. వీడియోలో ఆ ఘట్టం మొత్తం ఉంది. కానీ దాని మీద సినిమా పాట.

"ఎవరు తీయమన్నరమ్మా?" అని అడిగాను.

ఆమె తల దించలేదు. "నేనే, అన్నా. అప్పుడు కాలేజీల సదువుతున్న. నా దోస్తులు సూస్తే నవ్వుతరు, గా ఏడుపు తీసెయ్యమని యాకన్నకు నేనే చెప్పిన. మా యాడి గొంతు ఇంకెక్కడ లేదు. ఫోన్ల గూడ లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడినం గని, దాచుకోవాలని తెల్వదు."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాట వినగానే నాకు పందిరి గుంజ పక్కన నవ్వుతున్న లచ్చమ్మ కనిపించింది. చూపు లేదని చెప్పి తిరిగి వెళ్లిపోదామన్న ఆలోచన అప్పుడే పోయింది.

యాకయ్య మిషన్

పాత సిస్టం స్టూడియో వెనక గదిలో, వెలిసిపోయిన బ్యాక్‌డ్రాప్ గుడ్డల కింద ఉంది. యాకయ్య మూత తీశాడు. ఇద్దరం తుమ్మాం. అనిత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"గీ మిర్చి దుమ్ముతోని కూరొండుకోవచ్చు," అన్నాను.

"నువ్వు దులపక ఎన్నేండ్లయితాంది మరి," అన్నాడు యాకయ్య.

ముందు డిస్కులు విప్పించాను. నేను తెచ్చుకున్న వేరే మిషన్‌కు తగిలించి నకలు పెట్టాను. పాత డిస్కు మధ్యమధ్యలో చదవలేక తడబడింది. అయినా చివరిదాకా వచ్చింది. ఆ తర్వాతే డిస్కులు తిరిగి బిగించి మిషన్ జోలికి పోయాం.

పవర్ నొక్కితే ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోతోంది. పవర్ సప్లై డబ్బాలో కెపాసిటర్ల తలలు ఉబ్బాయి. ఇంకో డబ్బా తగిలిస్తే ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు. ర్యామ్ తీయించి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దించాను. తెర వెలిగింది, కానీ డిస్కు దొరకడం లేదంది. బోర్డు మీది గుండీ బ్యాటరీ చచ్చిపోవడంతో తన పాత అమరికలన్నీ మరచిపోయింది. బ్యాటరీ మార్చి, అమరికలు చేత్తో పెట్టాం. విండోస్ లేచింది. ఇందులో ఏదీ పెద్ద విద్య కాదు. ఒకసారికి ఒకటే మార్చి చూడటం, అంతే. రెండు కలిపి మార్చితే ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు.

అనిత పెళ్లి ప్రాజెక్టు తెరిచాం. కత్తిరింపులన్నీ వరుసగా కనిపించాయి. బొమ్మ రావాల్సిన చోట మాత్రం, ఈ వీడియో ఎక్కడుందో చూపించమని సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. క్యాసెట్టు నుంచి ఎక్కించిన అసలు ఫైళ్లు లేవు.

"ఏవిరా?"

యాకయ్య గోడ వైపు చూశాడు. "జాగ లేకుంటే తీసేసిన అన్నా. ముందల ఇంకో పెండ్లి ఉండె."

పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ నడిపాం. వాటి చోట తర్వాత ఎక్కించి, అవీ తీసేసిన ఇంకెవరివో బారాత్‌ల ముక్కలు ఉన్నాయి. అనిత లేచి, చేతిసంచి భుజాన వేసుకుంది. "పోనీలే అన్నా, మీరు కష్టపడ్డరు," అంది. ఆమె ముఖం చూడటం నాచేత కాలేదు. అందుకే తెర వైపే చూస్తూ ఉన్నాను.

అప్పుడు ఒక లెక్క తేడాగా తోచింది. పెళ్లిళ్లన్నీ తీసేసినా డిస్కులో జాగా సగం కూడా ఖాళీ లేదు. మిగతాది ఎవరు తింటున్నారు?

వెతికితే ఒక ఫోల్డర్ దొరికింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక అలవాటు ఉంది. కెమెరా శబ్దం దాని కొలతకు సరిపోకపోతే, దానికి తనకు వీలైన తీరులో ఇంకో నకలు రాసుకుంటుంది. మనకు చెప్పదు. తర్వాత ఆ శబ్దాన్ని మ్యూట్ చేసినా, అసలు ఫైలు తీసేసినా, ఆ నకలు ఒక మూల పడే ఉంటుంది. సిస్టం నెమ్మదిస్తే నేను మొదట ఇచ్చే సలహా ఆ ఫోల్డర్ ఖాళీ చేయమనే. యాకయ్యకు వచ్చిన ప్రతిసారీ చెప్పాను. బద్ధకస్తుడు, ఒక్కసారి కూడా వినలేదు.

"గీ ఫోల్డర్ ఖాళీ చెయ్యమని నీకు ఎన్నిసార్లు చెప్పిన్రా?"

"చేస్త అన్నా, ఇగ చేస్త," అన్నాడు హడలిపోయి.

"ముట్టుకున్నవంటే చేతులు విరుగుతయి," అన్నాను.

ఆ ప్రశ్న

ఆ నకళ్లు మామూలుగా తెరుచుకోవు. శబ్దాన్ని సరిచేసే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ముడిసరుకుగా తెరిచి, ఏ కొలతతో వినిపించాలో మనమే చెప్పాలి. మొదటిసారి బుస్సుమని ఇసుక పోసినట్టు రొద వచ్చింది. కొలత మార్చాను. ఈసారి గొంతులు వచ్చాయి కానీ పిచ్చుకలు కొట్లాడుకున్నట్టు, వేగంగా, కీచుగా. అనిత అప్పటికే సంచి కింద పెట్టేసింది. "మా తండా," అంది మెల్లగా. "గది మా తండా ముచ్చటే."

వేగం తగ్గించాను.

జనరేటర్ రొద. పిల్లల అరుపులు. ఎక్కడో డప్పు. దాని మధ్య నుంచి ఒక ఆడగొంతు, రాగం తీస్తూ, పైకి పోయి విరిగి, మళ్లీ అందుకుంటూ. నాకు ఆ భాష రాదు. అనిత పెదవులు కదులుతున్నాయి. తల్లి ఆపిన చోట జవాబుగా ఒక సన్నటి గొంతు ఏడుస్తూ అందుకుంది. అది ఆనాటి అనిత.

బొమ్మ లేదు. తెర మీద శబ్దం గీతలు మాత్రం పైకీ కిందికీ ఊగుతున్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాం.

మధ్యలో ఒక మగగొంతు అడ్డం వచ్చింది, కుర్ర గొంతు, అధికారంగా. "అవ్వా, జర ఇటు తిరుగు. కొంగు అడ్డమస్తాంది." యాకయ్య తన గొంతు తాను గుర్తుపట్టి కుర్చీలో ముడుచుకుపోయాడు. రాగం ఆగింది. ఆమె ముక్కు చీదిన శబ్దం. తర్వాత, ఏడుపు గొంతులోనే, తెలుగులో:

"ఓ కొడుకా, నువ్వు బువ్వ తిన్నవా లేదా? పొద్దటిసంది నిలవడే ఉన్నవు."

"గది తర్వాత అవ్వా, ముందుగాల ఇటు సూడు," అంది ఆ కుర్ర గొంతు. ఆమె మళ్లీ రాగం అందుకుంది.

అప్పటిదాకా ఏడవని అనిత అక్కడ ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని మౌసు తన చేతిలోకి తీసుకుంది. గీతను వెనక్కి జరిపింది. పాట మొదటికి పోతుందనుకున్నాను. పోలేదు. ఆ ప్రశ్న దగ్గర ఆపి మళ్లీ వినిపించింది. మళ్లీ జరిపింది.

"గిట్లనే అడుగుతుండె," అంది. "దవాఖానకు ఫోన్ చేస్తే ఫస్టు గిదే మాట."

ఇంకోసారి వెనక్కి జరిపింది. ఆ గొంతు మళ్లీ అడిగింది, తిన్నవా లేదా అని. అనిత చటుక్కున మౌసు నొక్కడంతో కుర్ర యాకయ్య గొంతు వచ్చేలోపే అది ఆగిపోయింది.

యాకయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తల నెరిసిన మనిషి, చేతులు కట్టుకుని, స్పీకరు వైపు తిరిగాడు.

"తిన్న అవ్వా," అన్నాడు.